పుత్తూరు లైనూ మూడు వైర్ల కేబులూ

మా ముత్తాత రాయసం వెంకటనరసయ్య గారు జమీ దివాను. ఆయన కచేరీలోకి వస్తుంటే కూర్చున్నవాళ్లు లేచేవారు, ఆయన కూర్చోమనేదాకా నిలబడే ఉండేవారు. ఆయన కొడుకు, మా తాత సుబ్బరామయ్య గారు, తాలూకా బోర్డు సభ్యుడు. చిత్తూరు కోర్టులో దాయాదుల మీద ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపారు. గెలిచారు కూడా. గెలిచిన భూమి వకీళ్ల పాలైంది. మా నాయన శ్రీనివాసరావు గారు కరణం. ఒక పొద్దున ప్రభుత్వం ఆ ఉద్యోగాలనే ఎత్తేసింది. ఆ సాయంత్రం కూడా ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, భుజాన కండువా వేసుకుని, ఎప్పటిలాగే వీధిలో నడిచివచ్చారు. నేను ఆ వంశంలో నాలుగో తరం. వైర్లకు అతుకులు వేసే సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్లలో మొదటివాడిని. బంధువుల్లో కొందరు దాన్ని దిగజారడం అన్నారు. వాళ్లలో ఒక్కరికీ నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఆ రోజుల్లో ఏం చేసేవారు సార్ అని. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాయను. అవి నాకే సరిగా గుర్తు లేవు.

పని అసలు ఏమిటి

ఎనభైల చివరి మాట. మద్రాసు కంపెనీ ఒకటి యూనిక్స్ యంత్రాలు, అంటే ఒకేసారి పలువురు వాడుకునే కంప్యూటర్లు, అమ్మేది. తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి సర్వీసు ఇంజనీరును నేనే. యంత్రం బీరువాలో సగం ఎత్తు ఉండేది. దానికి తెరా మీటలూ ఉన్న టెర్మినళ్లు తగిలించేవాళ్లం. టెర్మినల్ పక్క గదిలో ఉంటే వైరు లాగేవాళ్లం. పక్క ఊళ్లో ఉంటే టెలిఫోను లైను, దానికి రెండు చివరలా రెండు మోడెములు. యంత్రం మాటను మోడెమ్ ఈలగా మార్చి ఫోన్లోకి వదులుతుంది, అవతలి మోడెమ్ ఆ ఈలను మళ్లీ మాటగా మార్చుకుంటుంది.

మోడెముకూ యంత్రానికీ మధ్య ఒక కేబులు ఉంటుంది. యంత్రం వెనక సీరియల్ పోర్టు అనే చోట దాన్ని గుచ్చాలి. ఆ కనెక్టరుకు ఇరవై ఐదు పిన్నులు. మాట పోవడానికీ రావడానికీ నిజానికి మూడు వైర్లు చాలు: పంపేది ఒకటి, తెచ్చేది ఒకటి, నేల వైరు ఒకటి. మిగిలినవాటిలో అవసరమైనవి మరో అయిదు, అవి మర్యాద వైర్లు. నువ్వు సిద్ధమా, నేను సిద్ధం, అవతలి మనిషి ఇంకా లైనులో ఉన్నాడు, ఇలాంటివి చెబుతాయి. చివర చెప్పినదాన్ని క్యారియర్ అంటారు. లైను తెగిన క్షణంలో ఆ వైరు మీద కరెంటు పడిపోతుంది. అవతలివాడు వెళ్లిపోయాడని యంత్రానికి తెలిసే దారి అదొక్కటే. ఈ ఒక్క వైరును గుర్తుపెట్టుకుంటే తరువాత రాసేదంతా సులువుగా అర్థమవుతుంది.

మొదట్లో నేను నేర్చుకున్న పాఠం ఒక చక్కెర ఫ్యాక్టరీలో. యంత్రం పొద్దున్నుంచీ నత్తలా నడుస్తోందని కబురు వస్తే వెళ్లాను. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ పని చేయడం లేదు. అయినా మోడెమ్ దీపాలు ఆగకుండా మినుకుమంటున్నాయి. చూస్తే సంగతి ఇది. యంత్రం మోడెమును 'నీ పేరేమిటి' అని అడుగుతోంది. మోడెముకు విన్నదాన్ని తిరిగి పలికే అలవాటు, అది 'నీ పేరేమిటి' అంటోంది. యంత్రం దాన్నే పేరనుకుని 'పాస్‌వర్డ్ చెప్పు' అంటోంది. మోడెమూ 'పాస్‌వర్డ్ చెప్పు' అంటోంది. తప్పు, మళ్లీ చెప్పు. తప్పు, మళ్లీ చెప్పు. పక్కన నిలబడి చూస్తున్న ఫోర్‌మన్ అన్నాడు:

"సంతలో ఇద్దరు సెవిటోళ్లు బేరమాడినట్టుండాది సార్. ఎద్దు యాడుండాదో ఇద్దురికీ తెలీదు."

మోడెమ్ తిరిగి పలకడం మాన్పించాను. ఒక్క ఆజ్ఞతో యంత్రం లేచి పరిగెత్తింది. అప్పటినుంచి ఏ లైను దగ్గరికి వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒకటే: అవతల మనిషి ఉన్నాడా, లేడా? ఈ సంగతి యంత్రానికి ఎలా తెలుస్తోంది?

మా పై అధికారి

సౌందరరాజన్ గారు మద్రాసులో సర్వీసు మేనేజరు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది తక్కువ కాదు. రిసీవరు చెవిన పెట్టుకుని ఈల వింటే, అది మంచి లైనో వాన నీళ్లు దిగిన లైనో చెప్పేవారు. చెయ్యి వణక్కుండా సోల్డర్ పెట్టడం నాకు ఆయనే నేర్పారు.

ఆయన లోపం ఒకటే. పని జరిగితే చాలనుకునేవారు, ఎలా జరుగుతోందో చూసేవారు కాదు. మా కంపెనీ వేసిన ప్రతి మోడెమ్ కేబులూ ఆయన ఆజ్ఞ ప్రకారం మూడు వైర్లదే. క్యారియర్ వైరు లేకపోతే యంత్రం అవతల ఎవరూ లేరనుకుని పలకదు. అందుకని యంత్రం వైపు కనెక్టరు మూతలో చిన్న తీగ ముక్క వంచి, యంత్రం తన సొంత సంకేతాన్నే క్యారియర్ అనుకునేలా అతికించేవారు. ఇక యంత్రం దృష్టిలో అవతల ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నట్టే. ఇది సరికాదని నేను అంటే ఆయన చెయ్యి ఊపి, "మూడు పోదుం అప్పా, పోదుం," అనేవారు. చాలు, చాలు అని. ఆ మాట మీద మా కంపెనీ చాలా ఊళ్లలో నడిచింది.

వారం చూసుకుని వచ్చే తప్పు

తిరుపతిలో పాల కంపెనీ ఒకటి మా యంత్రం కొన్నది. యజమాని రెడ్డెప్ప గారు చిత్తూరు మనిషి. మోటు మాట, చురుకు బుర్ర. పుత్తూరులో వాళ్లకు పాలు చల్లబరిచే కేంద్రం ఉంది. పల్లెల నుంచి రెండు పూటలా పాలు అక్కడికి వస్తాయి. ఏ రైతు ఎన్ని లీటర్లు పోశాడో, వెన్న ఎంత ఉందో దేవకి అనే అమ్మాయి ఫోను ద్వారా తిరుపతి యంత్రంలోకి ఎక్కించేది. ఆమెది నగరిలో నేతపనివాళ్ల ఇల్లు. తండ్రికి చూపు తగ్గి మగ్గం ఆగిపోయాక ఆ ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోంది. ఆమెకు తిరుపతిలో శిక్షణ ఇచ్చింది నేనే.

ఒకనాడు మంగమ్మ అనే ఆమె పేరు మీద ఒక పూటకు నాలుగు వందల పదకొండు లీటర్లు పడ్డాయి. మంగమ్మకు ఉన్నది ఒక్క ఆవు. పుత్తూరులో దాన్ని నవ్వులాట చేశారు.

"ఏం మంగమ్మా, నీ కొట్టంలో ఉండేది ఆవా, ఏనుగా?"

"ఏనుగైతే మీ యింటిమీదికే తోల్తా, రాండి!"

కొన్నాళ్లకు ఇంకొక రైతు పేరున అంతే పడింది. తరువాత మరొకరికి. అదే నాలుగు వందల పదకొండు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. దేవకి రైతులతో చేతులు కలిపి లెక్క పెంచుతోందని తిరుపతి లెక్కల మేనేజరు తేల్చాడు. సోమవారం పొద్దున తానే కూర్చుని తేలుస్తానని, నిజమైతే పనిలోంచి తీసేసి పోలీసులకు ఇస్తానని రెడ్డెప్ప గారు కబురు పెట్టారు. ఆ ఊళ్లల్లో పోలీసు స్టేషను మెట్టెక్కిన పిల్లకు మళ్లీ ఎవరూ పని ఇవ్వరు. పెళ్లి మాట సరేసరి.

మద్రాసు నుంచి సౌందరరాజన్ గారు నాకు ఫోన్ చేశారు. "ఆపరేటర్ తప్పు అని రిపోర్టు రాసి సంతకం పెట్టేయ్. కస్టమరే ఆ మాట అంటున్నాడు. మనకెందుకు?"

చూడకుండా సంతకం పెట్టనని చెప్పాను.

నాకు రెండు సంగతులు పొసగలేదు. దొంగలెక్క రాసేవాడు రోజుకొక అంకె వేస్తాడు గానీ అందరి కంట్లో పడేలా ఒకే అంకె ఎందుకు వేస్తాడు? రెండోది, తప్పు పడిన రోజులు. లెక్కల మేనేజరును అడిగి వారాలు చెప్పించుకున్నాను. శనివారం పొద్దున. సోమవారం పొద్దున. ఆదివారం సాయంత్రం. బుధ, గురువారాల్లో ఒక్కసారీ లేదు. యంత్రానికి వారంతో పని లేదు. లైను చెడితే ఏ రోజైనా చెడుతుంది. తప్పు వారం చూసుకుని వస్తోందంటే దాని వెనక మనుషుల అలవాటు ఏదో ఉంది. ఆ అలవాటు ఏమిటో తిరుపతిలో కూర్చుంటే కనిపించదు. శనివారం తొలి బస్సుకు పుత్తూరు వెళ్లాను.

పుత్తూరులో శనివారం

కేంద్రం సూపర్‌వైజరు మునస్వామి నాయుడు. పొట్టి మనిషి, నుదుట నామం, చెవిలో పూవు. నన్ను చూసి నవ్వి, "రాండి సామీ. కాలిరిగినోళ్లు, చెయ్యిరిగినోళ్లు దేశమంతా మా పుత్తూరికే వస్తారు కట్టు కట్టించుకునేదానికి. మీ మిషనుకు యాడ యిరిగిందో మీరే సూసుకోవల్ల," అన్నాడు.

దేవకి తల ఎత్తలేదు. లేచి నమస్కారం పెట్టి మళ్లీ కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

పాల క్యాన్లు దిగుతున్నాయి. ఆమె ఫోన్ తిప్పింది. ఈల వినగానే మోడెమ్ మీట నొక్కింది. తెర మీద పేరు అడిగింది, చెప్పింది, లోపలికి వెళ్లింది. రైతు నంబర్లు ఒక్కొక్కటే పడుతున్నాయి. చేతివేగం చూసి నాకు సంతోషమైంది. ఏ తప్పూ లేదు.

తొమ్మిది కావస్తుండగా మునస్వామి నాయుడు గోడ గడియారం చూసి చప్పట్లు చరిచాడు.

"పాపా! పెట్టెయ్, పెట్టెయ్! రాహుకాలం వచ్చేసె!"

దేవకి ఒక రైతు నంబరు కొట్టింది, లీటర్లు ఇంకా కొట్టలేదు. అలాగే మోడెమ్ మీట తీసేసి, రిసీవరు పెట్టేసి, టెర్మినల్ స్విచ్ ఆర్పేసింది. మన వైపు రాహుకాలం పట్టింపు ఎంతో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కరలేదు. అవతలి తమిళ రాష్ట్రం గాలి తగిలిన ఊళ్లలో ఇంకాస్త ఎక్కువ. అది వారంలో ఒక్కో రోజు ఒక్కో వేళకు వస్తుంది. సోమవారం పొద్దున్నే, శనివారం తొమ్మిదికి, ఆదివారం సాయంత్రం. బుధ, గురువారాల్లో నడిమధ్యాహ్నం, అప్పుడు పాల లెక్కలు ఉండవు. కుర్చీలో కూర్చుని ఉన్నవాడిని ఉన్నట్టుండి నిటారుగా అయ్యాను.

"నాయుడు గారూ, ఇలా మధ్యలో వదిలేస్తే ఎలా? లోపల్నుంచి బయటికి వచ్చే పద్ధతి ఒకటి ఉంది కదా."

"ఉండాది సామీ. పాప సెప్పింది. దానికి యింగో నాలుగు మీటలు నొక్కల్లంట, ఆ లైనులో అది యెప్పుడు పలుకుతాదో ఏమో. అంతలోపల రాహుకాలం పట్టేస్తాది. ఫోను పెట్టేస్తే సాలదా? ఫోను పెట్టేసినాక గూడా అవతలోడు మాట్లాడతానే కూసోనుంటాడా?"

"మరి పాలు దించుకుంటున్నారే?"

"పాలకేం తెల్సు సామీ రాహుకాలం? నిలబెడితే యిరిగిపోతాయి. లెక్కకైతే యిరిగేదేం ఉండాది!"

అంత చక్కని ప్రశ్న నన్ను ఏ ఇంజనీరూ అడగలేదు. అవతలోడు మాట్లాడుతూనే కూర్చుంటాడా? మామూలుగా కూర్చోడు. మూడు వైర్ల కేబులు మీద మాత్రం కూర్చుంటాడు. వెళ్లిపోయిన సంగతి వాడికి చెప్పేవారు లేరు.

రాహుకాలం పోయేదాకా ఆగాను. దేవకి మళ్లీ డయల్ చేసింది. ఈల వచ్చింది. తెర ఖాళీగా ఉంది. లైను బాగా లేని రోజు పేరు అడిగే వాక్యం తెర మీదికి రాదు, అయినా పేరు కొట్టేయమని నేనే నేర్పాను. ఆమె తన పేరు కొట్టింది. టెర్మినల్ అక్షరానికొకసారి కీచుమంది. పాస్‌వర్డ్ కొట్టింది. ఆమె చూపు మీటల మీదే ఉంది, తెర మూలన మూడు అంకెలు కనిపించాయి. నాలుగు, ఒకటి, ఒకటి.

"ఆగమ్మా," అన్నాను.

ఆమె మీటల మీదినుంచి చేతులు తీసేసింది.

"ఈ అంకె ఏమిటి?"

ఆమె తెర మూలన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పు పాపా," అన్నాడు మునస్వామి నాయుడు. "సార్‌కి సెప్పకపోతే సోమవారం పోలీసోళ్లకు సెప్తావా?"

"సెప్పకూడదన్నా."

"ఎవురు సెప్పకూడదన్నారు?"

ఆమె నా వైపు చూసింది. "ఈ సారే. తిరపతిలో ట్రైనింగప్పుడు సెప్పినారు. పాస్‌వర్డు పానం పోయినా ఎవురికీ సెప్పొద్దని."

 మొదటిసారి మంగమ్మ పేరున ఆ అంకె పడ్డప్పుడే అది తన పాస్‌వర్డ్ మొదలని ఆమెకు తెలిసిపోయింది. ఎవరో దొంగిలించారని, దాచలేకపోయిన నేరం తనదని అనుకుంది. దొంగ అన్నా పడింది గానీ ఆ మాట మాత్రం బయటపెట్టలేదు. పెద్ద చదువులు చదివిన ఆఫీసర్లకు నేను అదే పాఠం చెప్పాను. వాళ్లు పాస్‌వర్డును చీటీ మీద రాసి తెరకు అంటించుకునేవారు.

"నాకు కూడా చెప్పవద్దు. బాగా దాచావు," అన్నాను. "ఇందులో నీ తప్పు గోరంత కూడా లేదు. సోమవారం తిరుపతిలో నేను చూసుకుంటాను. ఆరోజు కూడా ఎప్పటిలాగే నాయుడు గారు చెప్పగానే ఫోను పెట్టెయ్యి. నేను కబురు చేసేదాకా మళ్లీ డయల్ చేయవద్దు."

మునస్వామి నాయుడు మాత్రం ఊరుకోలేదు. "అంటే తప్పు రాహుకాలానిదా సామీ?"

"రాహువుకు దీనితో సంబంధం లేదు, నాయుడు గారూ. తీగదే తప్పు."

జరిగింది ఇది. ఆమె ఫోను పెట్టేసినా తిరుపతి యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఆమె లోపలే ఉందనుకుని, లీటర్లు ఎన్నో చెప్పమని ఆ గడి దగ్గరే కాచుకుని ఉంటుంది. ఆమె మళ్లీ వచ్చి, తలుపు దగ్గర ఉన్నాననుకుని పేరు చెబుతుంది. లీటర్ల గడిలో అక్షరాలు పట్టవు, యంత్రం కీచుమంటుంది. పాస్‌వర్డ్ మొత్తం అంకెలే. గడిలో మూడు అంకెలకే చోటు. మొదటి మూడూ పాలైపోతాయి. తరువాత యంత్రం ఇంకొక రైతు నంబరు అడిగేసరికి లోపలికి వచ్చేశాననుకుని పని సాగిస్తుంది.

తిరుపతికి తిరిగి వచ్చి యంత్రం వెనక కనెక్టరు మూత విప్పాను. మూడు వైర్లు. పక్కన వంచి అతికించిన తీగ ముక్క, మా కంపెనీ ముద్ర వేసినట్టు. ఆదివారం కూర్చుని పాత ప్రింటరు కేబులులోంచి వైర్లు తీసి, ఎనిమిది వైర్ల కేబులు నా చేత్తో కట్టాను. అతుకు అతుకుకూ మీటరు పెట్టి చూశాను. దాన్ని సంచిలో పెట్టుకుని ఎదురుచూశాను.

సోమవారం

రెడ్డెప్ప గారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. పక్కన లెక్కల మేనేజరు. మద్రాసు నుంచి సౌందరరాజన్ గారు కూడా వచ్చారు, చేతిలో నేను సంతకం పెట్టవలసిన రిపోర్టు టైపు చేయించుకుని. యజమాని గదిలో ఉన్న ఫోను లైనుకు నేను ఒక టెర్మినలూ మోడెమూ ముందే తగిలించి ఉంచాను.

ఏడున్నరకు రాహుకాలం. యంత్రం పక్కనున్న పుత్తూరు లైను మోడెమ్ దీపం ఆరింది. అక్కడ ఫోను పెట్టేశారు. యంత్రం దగ్గర తెర మీద, లోపల ఎవరెవరు ఉన్నారో అడిగే ఆజ్ఞ కొట్టి రెడ్డెప్ప గారికి చూపించాను. దేవకి పేరు ఉంది.

"పుత్తూరుకు మాట్లాడండి," అన్నాను.

ఆయన డయల్ చేశారు. "ఏమ్మా, యాడుండావు?"

ఫోన్లో ఆమె గొంతు మా అందరికీ వినిపించింది. "బయట మెట్ల మీద కూసోనుంటి సార్. ఫోను మోగితే లోపలికొచ్చినా. రాహుకాలం గదా."

"ఫోను పెట్టేసినావా?"

"అప్పుడే పెట్టేసినా సార్."

"ఈడ మిషను నువ్వు లోపలే ఉండావంటాండాదే!"

"నేనాడ యాడుండాను సార్? నేను పుత్తూర్లోనే ఉండా!"

రెడ్డెప్ప గారు రిసీవరు పెట్టి నా వైపు చూశారు. ఆయనకు కూడా రోజు లెక్క చూసుకోవడానికి సొంత పేరూ పాస్‌వర్డూ ఉన్నాయి. చిత్తూరులో తన ఇంటినుంచి అప్పుడప్పుడు డయల్ చేసేవారు. "ఇప్పుడు తమరు ఈ టెర్మినల్ నుంచి దేవకి చేసే నంబరుకే డయల్ చేసి, ఎప్పటిలాగే లోపలికి వెళ్లండి," అన్నాను.

ఆయన డయల్ చేశారు. ఈల వచ్చింది. తెర ఖాళీ.

"పేరడగలేదే."

"లైను సరిగా లేదనుకుని కొట్టండి."

కొట్టారు. కీచు, కీచు, కీచు. పాస్‌వర్డ్ కొట్టారు. తెర మూలన మూడు అంకెలు వెలిగాయి. ఆయన కుర్చీలో ముందుకు వంగారు.

"ఇది నా కారు నంబరు కదప్పా!"

లెక్కల మేనేజరుకు నవ్వాగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. యజమాని రహస్యం ఆ గదిలో అందరి ముందూ పడి ఉంది, పుత్తూరు రైతు ఎవరికో పాల కింద జమై.

"ఈ లెక్కన దొంగను నేనే కదప్పా!" అని రెడ్డెప్ప గారు పెద్దగా నవ్వారు. తరువాత నవ్వు తగ్గించుకుని మేనేజరు వైపు తిరిగారు. "నిన్నూ నన్నూ కలిపి ఆ పిల్ల దగ్గరికి తోలల్ల. పోలీసులంట, పోలీసులు!"

నేను మూడు వైర్ల కేబులు పీకి, నాది గుచ్చాను. ఆ పోర్టును క్యారియర్ చూసుకునే పద్ధతికి మార్చాను. ఆయనచేత మళ్లీ డయల్ చేయించి, లోపలికి పంపి, మధ్యలో ఫోను పెట్టేయమన్నాను. యంత్రం దగ్గర తెర చూపించాను. ఆయన పేరు మాయమైంది. మళ్లీ డయల్ చేస్తే తెర మీద మొదటి వాక్యమే వచ్చింది.

"ఇప్పుడు పేరడుగుతాండాది. మర్యాద వచ్చింది దీనికి!"

నా జీవితంలో చాలా యంత్రాలు బాగుచేశాను. అంత నిటారుగా ఏ గదిలోంచీ బయటికి రాలేదు. పుత్తూరుకు ఫోన్ చేసి, తప్పు తీగదేనని తేలిన సంగతి దేవకికి నేనే చెప్పాను.  వెనకనుంచి మునస్వామి నాయుడు గొంతు వినిపించింది: "సెప్తి కదా పాపా, రాహుకాలంలో మనం ఏం సేయకపోతే మనకేం కాదని!"

కొత్తవాళ్లకు

ఈ కథ విన్న కుర్ర ఇంజనీర్లు చాలామంది అడిగే ప్రశ్న, రాహుకాలం పట్టించుకోవద్దని వాళ్లకు చెప్పి ఉండవచ్చు కదా అని. ఎందుకు చెప్పాలి? మనుషులు ఫోను మధ్యలో పెట్టేస్తారు. రాహుకాలానికి పెట్టేస్తారు, బిడ్డ ఏడిస్తే పెట్టేస్తారు, కరెంటు పోతే అదే తెగుతుంది. వాళ్లను మార్చడం మన ఉద్యోగం కాదు. వాళ్లు ఎలా వెళ్లిపోయినా యంత్రానికి తెలిసేలా వైరు కట్టడమే మన ఉద్యోగం. 'ఆపరేటర్ తప్పు' అని రాసే ముందు ఆ ఆపరేటరు పక్కన ఒక పూట కూర్చోండి. కూర్చోకుండా రాసేవాడిని నేను ఇంజనీరుగా లెక్కపెట్టను.

 ఆ రోజు మెట్లు దిగేటప్పుడు సౌందరరాజన్ గారు రిపోర్టు నా చేతికిచ్చారు. "మన ఫైలు కోసం. ఆపరేటర్ తప్పు అనే ఉండనీ. లేకపోతే అన్ని ఊళ్లవాళ్లూ ఎనిమిది వైర్లు అడుగుతారు."

"అడగాలి," అన్నాను. "అడగకపోతే నేను వెళ్లి అడిగిస్తాను."

ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఆయన చేతిలోనే పెట్టాను. వారం తిరగకముందే నన్ను ఒరిస్సాకు బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అందుకు జవాబుగా రాజీనామా పంపాను. ఆ మాట తెలిసి రెడ్డెప్ప గారు తన చల్లబరిచే కేంద్రాలన్నిటి లైన్లూ నాకు అప్పగించారు, కంపెనీ పేరుతో కాక నా పేరుతో. దేవకిని పుత్తూరు కేంద్రం లెక్కలకు పైమనిషిని చేశారు. కొత్తగా చేరే ఆపరేటర్లకు పాస్‌వర్డు పాఠం ఆమె చెప్పేది. నాకంటే గట్టిగా చెప్పేది. రెండు మూడేళ్లలో ఈ ప్రాంతంలో నేను చూసే ప్రతి మోడెము వెనకా ఎనిమిది వైర్లు ఉండేవి. సౌందరరాజన్ గారి కస్టమర్లు కొందరు మద్రాసును వదిలి నా దగ్గరికి వచ్చారు. వాళ్ల కేబుళ్లు విప్పి, లోపలి తీగ ముక్కలను ఒక సీసాలో వేసి బల్ల మీద పెట్టుకునేవాడిని.

రాజీనామా ఇచ్చిన ఆ కొత్తలో, సొంతంగా మొదలుపెట్టడానికి లైను పరీక్షించే పరికరమూ, నిలవకు నాలుగైదు మోడెములూ కావలసి వచ్చాయి. మా నాయన దగ్గరికి వెళ్లి డబ్బు అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు, కండువా సర్దుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరారు. గంగాధరనెల్లూరు దారిలో మాకు మిగిలిన చింతతోపు అమ్మాం. కొన్నవాళ్లు చెట్లు కొట్టించి ఇటుక బట్టీ పెట్టారు.